స్లెడ్ లాగే కుక్కల్లో బలమైనదే ముందుంటుందా?

ప్రశ్న: మా కంపెనీలో లీడర్‌షిప్ ట్రైనింగ్ పెట్టారు. మంచు మీద బండి లాగే కుక్కల బొమ్మ చూపించి, అన్నిటికంటే బలమైన ఆల్ఫా కుక్క ముందు ఉంటుందని, మిగతావి దానికి భయపడి వెనక నడుస్తాయని చెప్పారు. ఇది నిజమేనా? ముందు కుక్కను ఎలా ఎంచుకుంటారు? అది మాట వినకపోతే ఏం చేస్తారు?

జవాబు:

నేను అలాస్కాలో, ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర ఒక కెన్నెల్‌లో హ్యాండ్లర్‌గా పనిచేస్తున్నాను. కుక్కలకు తిండి పెట్టడం, వాటి పాదాలు చూడడం, చలి మొదలవగానే పరుగు అలవాటు చేయడం, మంచు పడ్డాక స్లెడ్ తోలడం నా పని. రోజూ చూసే విషయం కాబట్టి గట్టిగానే చెప్పగలను. మీకు ట్రైనింగ్‌లో చెప్పింది నిజం కాదు. బలమైన కుక్క ముందుండదు. ముందున్న కుక్కను చూసి మిగతావి భయపడవు. అసలు ముందు కుక్క వెనకవాటికి ఏ ఆజ్ఞా ఇవ్వదు.

ముందుగా కుక్కల్ని కట్టే పద్ధతి చెబుతాను. స్లెడ్ నుంచి ముందుకు పొడుగ్గా ఒక తాడు ఉంటుంది, దాన్ని గ్యాంగ్‌లైన్ అంటాం. కుక్కల్ని దానికి అటూ ఇటూ జంటలుగా కడతాం. అందరికంటే ముందు ఒకటో రెండో లీడ్ డాగ్స్. వాటి వెనక జంట స్వింగ్ డాగ్స్, మలుపుల్లో లీడర్ తిరిగిన దారినే బృందమంతా తిరిగేలా చూసేవి అవి. మధ్యలో ఉన్నవాటిని టీమ్ డాగ్స్ అంటాం, లాగడమే వాటి పని. చివరన స్లెడ్‌కు ఆనుకుని వీల్ డాగ్స్. బండి బరువు కుదుపులన్నీ మొదట తగిలేది ఈ వీల్ డాగ్స్‌కే. స్లెడ్ చెట్టుకు కొట్టుకోబోతే పక్కకు లాగి తప్పించాల్సిందీ అవే. అందుకని ఒళ్లున్న కుక్కల్ని, చప్పుడుకు బెదరని కుక్కల్ని వెనక కడతాం. మన ఊళ్లలో ఏ ఎద్దును ఎలపట కట్టాలో, దేన్ని దాపట కట్టాలో రైతుకు తెలిసినట్టే, ఏ కుక్క ఏ స్థానంలో కుదురుతుందో మషర్‌కు, అంటే బండి తోలేవాడికి, తెలిసి ఉండాలి. స్థానం మారిస్తే మంచి కుక్క కూడా పనికిరానిదిలా కనిపిస్తుంది.

మరి లీడర్ చేసేదేమిటి?

స్లెడ్ కుక్కలకు పగ్గాలు ఉండవు. గుర్రానికి కళ్లెం ఉంటుంది, ఎద్దుకు ముకుతాడు ఉంటుంది. మా చేతిలో మాత్రం గొంతు ఒక్కటే ఉంటుంది. ‘జీ’ అంటే కుడి, ‘హా’ అంటే ఎడమ, ‘ఆన్ బై’ అంటే పక్కనున్నదాన్ని పట్టించుకోకుండా సాగిపొమ్మని. 14 కుక్కల్ని కడితే లీడర్ నాకు దాదాపు 20 మీటర్ల దూరంలో ఉంటుంది. గాలి హోరులో నా మాట విని, దాని అర్థం పట్టుకుని, వెనకున్న కుక్కలన్నీ తోస్తున్నట్టుగా పరుగెత్తి వస్తుంటే తను దారి మార్చాలి. మిగతా ఏ కుక్కకైనా ఎదురుగా ఇంకో కుక్క కనిపిస్తూ ఉంటుంది, దాన్ని తరుముతున్నట్టు పరుగెత్తితే చాలు. లీడర్‌కు ఎదురుగా ఎవరూ ఉండరు. తెల్లటి మంచు, అటూ ఇటూ చెట్లు, ఒక్కోసారి అవీ ఉండవు. ఆ ఖాళీలోకి ఎవరి వెనకా లేకుండా పరుగెత్తగలగడమే లీడర్‌కు ఉండాల్సిన మొదటి గుణం. చాలా కుక్కలకు అది ఉండదు. బండి కొండెక్కించేంత సత్తువ ఉన్న కుక్కను ముందు కట్టి చూడండి, పది అడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగి చూస్తుంది.

కుక్కల్ని కట్టే సమయంలో చూస్తే లీడర్ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. హార్నెస్, అంటే కుక్క ఒంటికి తొడిగే పట్టీల కట్టు, చేతిలోకి తీసుకోగానే యార్డు మొత్తం గోలెత్తిపోతుంది. మొరుగుతాయి, గాల్లోకి ఎగురుతాయి, తాళ్లు కొరుకుతాయి, పక్కదాని మీద పడతాయి. ఆ గోలలో అన్నిటికంటే మొదట కట్టేది లీడర్‌నే. అది ముందుకు వంగి, గ్యాంగ్‌లైన్‌ను బిగుతుగా పట్టుకుని నిలబడాలి. వెనక ఒక్కొక్క కుక్కనూ తెచ్చి కడుతున్నంతసేపూ తాడు వదులు కాకూడదు. వదులైతే కుక్కలు చిక్కుపడతాయి, చిక్కుపడితే కరుచుకుంటాయి. మంచి లీడర్ ఆ గోలంతా తనది కానట్టు అలాగే నిలబడుతుంది. స్లెడ్ కదలకుండా మంచులో దిగ్గొట్టిన స్నో హుక్ పీకగానే మొరుగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆపైన వినిపించేది వాటి ఊపిరి, స్లెడ్ పట్టీలు మంచు మీద జారే చప్పుడు. పరుగులో లీడర్ చెవులు చూడాలి. ముందుకు నిక్కి ఉంటాయి. నేను ఏదైనా అంటే ఒక చెవి వెనక్కి తిరుగుతుంది, తల మాత్రం తిరగదు.

ఆల్ఫా అనే మాట తోడేళ్ల మీద జరిగిన పరిశోధనలోంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనులో ఉంచిన తోడేళ్లను గమనించి, పై స్థానం కోసం అవి కొట్లాడుకుంటాయని రాశాడు. 1970లో డేవిడ్ మీచ్ అనే అమెరికా శాస్త్రవేత్త రాసిన తోడేళ్ల పుస్తకంతో ఆ ఆలోచన అందరి నోళ్లలో పడింది. తర్వాత ఆయనే ఉత్తర కెనడాలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్లపాటు చూశాడు. తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని, ఆ ‘ఆల్ఫా’ అనే మాట అక్కడ సరిపోదని 1999లో తనే రాశాడు. తన మాటను తనే సరిదిద్దుకున్న ఆ పెద్దమనిషి మీద నాకు చాలా గౌరవం. ట్రైనింగుల్లో మాత్రం ఇప్పటికీ పాతమాటే నడుస్తోంది.

ఆర్కిటిక్‌లో ఇన్యూట్ ప్రజల దగ్గర ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చెట్లు లేని చోట, సముద్రం గడ్డకట్టిన విశాలమైన మంచు మీద వాళ్లు కుక్కల్ని జంటలుగా కట్టరు. ఒక్కో కుక్కకు ఒక్కో తాడు వేసి విసనకర్ర ఆకారంలో కడతారు. లీడర్ తాడు అన్నిటికంటే పొడుగు. ఆ గుంపులో మిగతావాటిని బెదిరించి ముందుగా తిండి తినే కుక్క ఒకటి ఉంటుంది, సాధారణంగా గట్టి మగకుక్క. దారి చూపే లీడర్ వేరే ఉంటుంది. అది చాలాసార్లు ఆడకుక్క. పెత్తనం చేసేదీ దారి చూపేదీ రెండూ వేర్వేరు కుక్కలన్నది వాళ్లకు కొత్త విషయం కాదు. ఉత్తర సైబీరియాలో జొఖోవ్ అనే దీవిలో తవ్వకాల్లో దొరికిన స్లెడ్ భాగాలు, కుక్కల ఎముకలు దాదాపు 9,500 ఏళ్ల నాటివి. మనిషికి కుక్కతో కలిసి మంచు మీద పనిచేయడం అంత పాత విద్య.

ముందు కుక్కను ఎలా ఎంచుకుంటామని అడిగారు. పుట్టుకతో కొంత తెలుస్తుంది, కానీ చాలా తక్కువ. పిల్లల్ని కొంచెం ఎదిగాక పొలాల్లో, అడవి దారుల్లో విడిచిపెట్టి నడిపిస్తాం. వాగు అడ్డమొస్తే కొన్ని ఒడ్డునే ఏడుస్తూ నిలబడతాయి, కొన్ని అటూ ఇటూ పరుగెత్తి దాటే చోటు వెతుక్కుంటాయి. ఆ వెతుక్కునే పిల్ల మీద ఒక కన్నేసి ఉంచుతాం. ఏడాది దాటాక దాన్ని ముసలి లీడర్ పక్కన జంటగా కడతాం. ‘జీ’ అనగానే ముసలిది కుడికి తిరుగుతుంది, మెడలు కలిపి కట్టిన చిన్న తాడు వల్ల చిన్నది కూడా తిరగాల్సి వస్తుంది. కొన్నాళ్లకు మాట వినగానే చిన్నదే ముందు తిరగడం మొదలుపెడుతుంది. అలా నేర్పేది చాలావరకు కుక్కే, మనిషి కాదు.

చిన్నప్పటి రూపం చూసి తేల్చేయడం పెద్ద పొరపాటు. 1925లో పేరుపొందిన టోగో కథ అదే. అలాస్కా పడమటి తీరంలోని నోమ్ ఊళ్లో ఉండే నార్వే మనిషి, మషర్ లియనార్డ్ సెప్పాలా దగ్గర పుట్టిన చిన్న కుక్క. బక్కగా, జబ్బుగా ఉండేది, అల్లరి చేసేది. పనికిరాదని ఒకరింట్లో పెంచుకోమని ఇచ్చేస్తే కిటికీ అద్దం పగలగొట్టుకుని తిరిగి సెప్పాలా దగ్గరికే వచ్చేసింది. బృందం పరుగెత్తుతుంటే అడ్డంపడి గోల చేస్తోందని, ఇక వేరే దారిలేక దానికి హార్నెస్ వేశాడు. ఆ రోజే అది వెనక నుంచి ఒక్కో స్థానం దాటి లీడర్ పక్కకు చేరింది. అప్పటికి దానికి ఎనిమిది నెలలు. అలాస్కాలో జరిగే ఇడిటరాడ్ అనే స్లెడ్ పందెాన్ని వరసగా మూడేళ్లు, మొత్తం నాలుగుసార్లు గెలిచిన సూసన్ బుచర్ దగ్గరి గ్రానైట్ అనే లీడర్ కూడా చిన్నప్పుడు చూడగానే ఆశ పుట్టించే పిల్ల కాదు.

1925 కథ మీరు విని ఉండొచ్చు, కానీ లీడర్ గురించి అందులో అసలు విషయం చాలామందికి చేరలేదు. నోమ్‌లో పిల్లలకు డిఫ్తీరియా సోకింది. సముద్రం గడ్డకట్టింది, ఓడలు రావు. మందు రైలులో నెనానా అనే ఊరి దాకా వచ్చింది. అక్కడి నుంచి 674 మైళ్లు, అంటే దాదాపు 1,085 కిలోమీటర్లు, 20 మంది మషర్లు ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ ఐదున్నర రోజుల్లో చేర్చారు. చివరి అంచె పరుగెత్తించి మందును నోమ్‌లో దింపినవాడు గున్నర్ కాసెన్, ఆయన లీడర్ బాల్టో. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో బాల్టోకు విగ్రహం పెట్టారు. కానీ అన్నిటికంటే దూరం, అన్నిటికంటే ప్రమాదమైన దారి పరుగెత్తింది సెప్పాలా, టోగో. మందుకు ఎదురు వెళ్లడం, తీసుకుని రావడం కలిపి దాదాపు 260 మైళ్లు. నార్టన్ సౌండ్ అనే సముద్రపు పాయ మీద, ఎప్పుడు పగిలి విడిపోతుందో తెలియని మంచు మీద, రాత్రిపూట తుఫానులో దాటారు. అప్పటికి టోగోకు 12 ఏళ్లు. ఆ వయసులో ఏ కుక్కకూ కుర్ర కుక్కలంత బలం ఉండదు. మషర్ కంటికి ఏమీ కనిపించని చోట ఆయన నమ్మింది ఆ కుక్క బలాన్ని కాదు. ఎన్నో చలికాలాల్లో మంచు ఎక్కడ నమ్మదగ్గదో, ఎక్కడ కాదో పాదాలతో నేర్చుకున్న తెలివిని నమ్మాడు.

అలాగని బాల్టోను తక్కువ చేయడం నాకు నచ్చదు. బాల్టో కూడా సెప్పాలా కెన్నెల్‌ కుక్కే. పందేలకు కాకుండా సామాను మోయడానికి వాడిన కుక్క, గొప్ప లీడర్‌గా దాన్ని సెప్పాలా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. కాసెన్ ఆ రాత్రి దాన్నే ముందు కట్టాడు. గాలికి ఎగిరే మంచులో తన స్లెడ్ ముందున్న కుక్కలే సరిగా కనిపించని స్థితిలో దారి తప్పకుండా తెచ్చింది అదే. ఒక మషర్ లెక్కలో రెండో రకం కుక్క, ఇంకొకరు నమ్మి ముందు కడితే ఊరిని కాపాడింది. మీ ఆఫీసు ట్రైనింగ్ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, దీన్ని కాస్త నెమ్మదిగా ఆలోచించండి.

ఇక మూడో ప్రశ్న, మాట వినకపోతే ఏం చేస్తామని. ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఎందుకు వినలేదన్నదాన్ని బట్టి జవాబు రెండు రకాలు.

ఒక రకంలో కుక్కే కరెక్ట్. నదుల మీద పైకి గట్టిగా కనిపించే మంచు కింద నీళ్లు పొంగి నిలిచి ఉంటాయి, దాన్ని ఇక్కడ ఓవర్‌ఫ్లో అంటారు. మనకు కనిపించదు, కుక్కకు వాసనలోనో పాదం కింద ఆనుతున్న తీరులోనో తెలుస్తుంది. ‘హా’ అని ఎంత అరిచినా లీడర్ కదలకపోతే నేను స్లెడ్‌ను ఆపి, హుక్ దిగ్గొట్టి, ముందుకు నడిచి వెళ్లి చూస్తాను. అనుభవమున్న లీడర్ మొండికేస్తే ముందు దాని మాట నిజమనుకోవాలి, తర్వాత పరీక్షించాలి. అలాంటిదాన్ని ఒక్కసారి తిట్టి ముందుకు తోస్తే, తర్వాతి సారి పల్చటి మంచు కనిపించినా అది మౌనంగా నడిచేస్తుంది. అప్పుడు మనకు లీడర్ ఉన్నా లేనట్టే.

రెండో రకంలో కుక్కకు ఆ స్థానం బరువైపోతుంది. లీడర్ కండలకు పడే శ్రమ మిగతావాటికంటే ఎక్కువేం కాదు. చాలాసార్లు తక్కువే. శ్రమ అంతా మనసుకు. ప్రతి మలుపులో నిర్ణయం తనదే, ప్రతి మాటా తనకే, వెనక నుంచి ఊపు ఆగదు. టెన్షన్ పెరిగితే మొదట తోక కిందికి దిగుతుంది. టగ్‌లైన్, అంటే నడుము దగ్గర లాగే తాడు, వదులవుతుంది. తర్వాత పరుగులోనే భుజం మీదుగా వెనక్కి చూడడం మొదలుపెడుతుంది. ఇంకా పట్టించుకోకపోతే దారి పక్క మంచులో పడుకుంటుంది. మంచి మషర్ తోక దిగినప్పుడే ఆపి, దాన్ని మధ్యకు మార్చి వేరే కుక్కను ముందు కడతాడు. మధ్యకు వచ్చిన కుక్క కాసేపట్లోనే తేలికపడి ఉత్సాహంగా లాగుతుంది. దీన్ని శిక్ష అనుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అది విశ్రాంతి. గెలవాలనుకునే బృందంలో ముందు నడవగల కుక్కలు ఒకటి రెండు కాదు, ఇంకా ఎక్కువ ఉండాలి. గాలికి ఎదురు వెళ్లడంలో ఒకటి దిట్ట, ఊళ్లోంచి జనం మధ్య బెదరకుండా వెళ్లడంలో ఇంకొకటి, కొత్త మంచులో దారి తొక్కడంలో మరొకటి. ఎవరి వంతు ఎప్పుడో చూసుకోవడమే మా పనిలో సగం.

సముద్రపు మంచు మీద ఇది ఎంత తేడా తెస్తుందో చెబుతాను. ఇడిటరాడ్ ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా దాదాపు వెయ్యి మైళ్ల పందెం, 1973 నుంచి జరుగుతోంది. అందులో షక్తూలిక్ అనే ఊరి నుంచి కొయుక్ అనే ఊరి దాకా నార్టన్ సౌండ్ మంచు దాటాలి. చెట్టు లేదు, చాటు లేదు, దారి గుర్తుకు పాతిన కర్రలు మాత్రం ఉంటాయి. గాలి పక్క నుంచి కొడుతూ ఉంటుంది. కుక్క స్వభావం గాలికి మొహం తిప్పుకోవడం, అందుకే బృందం తెలియకుండానే పక్కకు జారుతూ పోతుంది. చెంపకు మంచు కొడుతున్నా ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు వంకర లేకుండా నడిపే లీడర్ లేకపోతే అక్కడ దారి తప్పడమే. 1985లో లిబ్బీ రిడిల్స్ మిగతావాళ్లు ఆగిపోయిన తుఫానులో షక్తూలిక్ నుంచి బయల్దేరి దాటి, ఆ పందెం గెలిచిన మొదటి మహిళ అయింది.

అదే చోట 2019లో జరిగింది ప్రతి మేనేజరూ తెలుసుకోవాలి. నికొలా పెటీ అనే మంచి మషర్ అందరికంటే ముందున్నాడు. బృందంలో ఒక కుక్క చిన్న కుక్క మీద పడి ఇబ్బంది పెడుతుంటే కోపంగా దాని మీద అరిచాడు. అంతే, బృందమంతా ఆగిపోయింది. గాయాల వల్ల కాదు, తిండి లేక కాదు, ఒంట్లో సత్తువ లేకా కాదు. అంతకు ముందు ఏడాది ఆ దగ్గర్లోనే తుఫానులో దారి తప్పి ఆయన ముందంజ పోగొట్టుకున్నాడు, కుక్కలకు ఆ జ్ఞాపకం కూడా ఉండి ఉంటుందని నా ఊహ. ఎంత బతిమాలినా కదల్లేదు. పందెం అక్కడితో వదులుకున్నాడు. ఆ కేక లీడర్ కోసం వేసింది కాదు. కానీ ఒకరి మీద పడ్డ కోపం తాడు పొడుగునా అందరికీ చేరుతుంది. ఆ మనిషి కుక్కల్ని ప్రేమించేవాడే, దాచకుండా జరిగింది జరిగినట్టు తనే చెప్పాడు కూడా. ఆ గుణం వల్లే ఈ సంగతి అందరికీ పనికొస్తోంది.

కాబట్టి కుక్క మొండికేస్తే మేం కొట్టం. ఆపుతాం, దగ్గరికి వెళ్తాం, పాదాల మధ్య మంచు ఉండలు కట్టిందేమో చూస్తాం, పాదాలకు తొడిగిన బూటీలు సరిచేస్తాం, చిరుతిండి పెడతాం, అవసరమైతే గడ్డి పరిచి పడుకోబెడతాం. లేచాక వేరే లీడర్‌తో బయల్దేరతాం. ఎక్కువసార్లు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

వయసు మళ్లిన లీడర్ల గురించి కూడా చెప్పాలి, మీరు అడగలేదు గానీ. తొమ్మిది, పది ఏళ్లు దాటాక పెద్ద పందేలకు తీసుకెళ్లం. కానీ వాటిని ఇంట్లో కట్టేస్తే దిగులుపడతాయి. చిన్న చిన్న పరుగులకు కుర్ర కుక్కలతో జంటగా కడతాం. వేగం చాలక మధ్యలో కాస్త వెనకబడినా, మలుపు దగ్గర ‘జీ’ అనగానే ముందు తిరిగేవి అవే. మా దగ్గర ఇప్పుడు ముందు నడిచేవన్నీ అలాంటి ముసలివాటి పక్కన పరుగెత్తి నేర్చుకున్నవే.

మీకు స్వయంగా చూడాలనుంటే మార్చి మొదటి శనివారం ఆంకరేజ్ వీధుల్లో ఇడిటరాడ్ ప్రారంభోత్సవం జరుగుతుంది, టికెట్ అక్కర్లేదు. అది ఊరేగింపు లాంటిది, అసలు పందెం తర్వాత మొదలవుతుంది. జనం గుంపుగా ఉండే ప్రారంభ గీత దగ్గర కాకుండా మొదటి పెద్ద మలుపు దగ్గర నిలబడండి. అమెరికాలో మనవాళ్లు చాలామంది వేసవిలోనే అలాస్కా వస్తారు. ఆ కాలంలో మంచు ఉండదు కాబట్టి కుక్కల్ని చక్రాల బండికి కట్టి తిప్పుతారు, అయినా లీడర్ పని అదే. ఎవరి దగ్గరికి వెళ్లినా బండి ఎక్కేముందు ఒక మాట అడగండి, ‘ఈ బృందంలో ముందు నడవగలిగినవి ఎన్ని?’ అని. ఆ మషర్ కళ్లు వెలిగి ఒక్కో కుక్క దగ్గరికీ తీసుకెళ్లి పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే, మీరు సరైన చోటికే వచ్చారు.